మగ్గం ఆగిన నిమిషమున్నర

మొన్న మా వీధిలో కాలేజీ చదివే నలుగురు ఇంటికొచ్చినారు. ఫోనుతోనే పదిహేను నిమిషాల సినిమా తీసినారంట, యాడో పరాయి దేశంలో జరిగే ఫిలిం ఫెస్టివల్‌కు పంపిస్తారంట. "తాతా, నువ్వు ముప్పై ఏండ్లు మిషను తిప్పినోనివి గదా, రోంత చూసి యాడ కోయాల్నో చెప్పు" అన్నారు. అరచేతిలో పెట్టుకుని చూసినాను. బాగుండాది. ఒక తావులో ఒకాయమ్మ పిండిమిషను కాడ జొన్నల గంప పెట్టుకుని, కరెంటు ఎప్పుడొస్తుందా అని కూచోనుంటుంది. మాట లేదు, పాట లేదు. "ఇది బోరు కొడతాదేమో, తీసేద్దామా?" అని వాళ్ళే అడిగినారు. "కోసే సంగతి మాత్రం నన్ను అడగాకండి నాయనా" అని నవ్వినాను. ఎందుకు నవ్వినానో వాళ్ళకు చెప్పాలంటే పొద్దు చాలదు. అందుకే కూచోని రాస్తాండాను.

నేను ఆదోనిలో సర్కారు ప్రచార జీపు మీద ఆపరేటరుగా చేరింది డెబ్బైలలో. టాకీసుల్లో ఉండే పెద్ద మిషను కాదు మాది, చిన్న ఫిలిం మిషను, పెట్టెలో పెట్టి ఇద్దరు మోస్తే జీపెక్కుతుంది. ఒక జనరేటరు, ఒక తెర, నేను, డ్రైవరు. ఎరువుల మీద సినిమా, టీకాల మీద సినిమా, పొదుపు మీద సినిమా, ఊరూరా తిరిగి చూపించడమే పని. పొద్దున్నే ఆఫీసరుకు రిపోర్టు రాసియ్యాల. అందులో ఆఖరి వాక్యం ఎప్పుడూ ఒకటే, 'ప్రజలు ఆద్యంతం ఆసక్తితో తిలకించారు'. ఆ మాట నిజం చేయడం ఎంత కష్టమో రాయమన్నోనికి తెలీదు, తిప్పినోనికి తెలుసు.

జనానికి బొమ్మ ఆడుతున్నంత సేపూ శబ్దం ఉండాల. శబ్దం ఆగిందంటే మిషను చెడిపోయిందనుకుంటారు. మొదట ఒక ఈల, తర్వాత పది ఈలలు, ఆ తర్వాత మట్టిపెళ్ళలు. కొత్తలో సి.బెళగల్‌లో నీళ్ళ పొదుపు మీద ఒక సినిమా వేసినా. దాంట్లో మధ్యన బీడు భూమిని ఉత్తగా చూపిస్తారు, సంగీతం కూడా ఉండదు. అర నిమిషం అయిందో లేదో, యాడి నుంచో ఒక రాయి వచ్చి లెన్సుకు తగిలింది. ఆ లెన్సు కోసం నేను రాసిన సంజాయిషీలు ఒక దస్తరం అయినాయి. మా డ్రైవరు నాకంటే పెద్దాయన, నోట్లో తమలపాకు లేకుంటే మాట పెగలదు. ఆయన ఆ పొద్దు చెప్పినాడు: "ఆపరేటరూ, రాయి పడే తావు ముందే కోసేస్తే సరిపాయె గదా!"

అంతే, పట్టుకున్నా. ఏ రీలు వచ్చినా ముందు ఆఫీసు గోడ మీద వేసుకుని చూసేది, శబ్దం లేని తావు యాడుంటే ఆడ బ్లేడు పెట్టేది, ఫిలిం సిమెంటు అనే జిగురు పూసి అతికేది. కొంచెమన్నా కుదుపు తెలీకుండా అతికేవాన్ని. జిల్లాలో ఆపరేటర్లంతా ఇదే పని చేస్తాండిరి, కానీ నాలాగా అతికేవాడు లేడని పేరు. నా ఆటలో ఈల పడదు అని నేను గొప్పలు పోయేది కూడా నిజమే. దాచేదేముంది.

కోసిన ముక్కలు పారేసేవాన్ని కాదు. ఆదోనిలో మా దర్జీ మామూకు ఇచ్చేవాన్ని. మా అమ్మకు పినతల్లి కొడుకాయన. ఆ ఫిలిం వెడల్పు చొక్కా కాలరు మొనలో పెట్టే పట్టీకి అచ్చంగా సరిపోతుంది. రెండు వేళ్ళ పొడవు కోసి, లోపల పెట్టి కుట్టేస్తే, కాలరు ఎన్ని ఉతుకులకైనా మెత్తబడదు. ఆ కాలంలో ఆదోనిలో కాలరు నిక్కబొడుచుకుని తిరిగిన మగవాళ్ళలో సగంమంది మెడ కింద సర్కారు సినిమా ఉండేది.

ఎనభైలలో ఎమ్మిగనూరు నుంచి ఒక లెక్చరరు సారు నన్ను వెతుక్కుంటా వచ్చినాడు. ముప్పై ఏండ్లు కూడా ఉండవు. సన్నగా, కండ్లద్దాలు, మాట నెమ్మది. తానూ ఇద్దరు స్నేహితులూ కలిసి, అరువు కెమెరాతో ఒక చిన్న సినిమా తీసినారంట. ఎమ్మిగనూరులో ఒక నేతగాడి కత, పద్దెనిమిది నిమిషాలు. సెలవు దొరికిన దినాలంతా తీసి రెండేండ్లు పట్టిందంట. అంతర్జాతీయ చిత్రోత్సవంలో చిన్న సినిమాల పోటీకి పంపాలని ఆశ. మద్రాసు ల్యాబు నుంచి ప్రింటు అప్పుడే వచ్చినాది. ఆ శుక్రవారం సాయంత్రం బండికి ఆయనే బొంబాయికి తీసుకుపోయి అందియ్యాల, శనివారం ఆఖరి దినం.

"పంపే ముందు ఆ నేతగాళ్ళకు ఒకసారి చూపిస్తానని మాట ఇచ్చినానన్నా. ఈ చుట్టుపక్కల ఈ ఫిలిం ఆడే మిషను నీ ఒక్కని దగ్గరే ఉంది" అన్నాడు.

మా ఆఫీసరు మొదట కుదరదన్నాడు. తర్వాత ఆలోచించి, ముందు పొదుపు సినిమా వేసి ఆ వెనక ఇది వేస్తే కార్యక్రమం కింద రాసుకోవచ్చన్నాడు. శుక్రవారం అమావాస్య. అమావాస్య నాడు నేతవాళ్ళు మగ్గం ముట్టరు, అందరూ ఖాళీ. పొద్దున పది గంటలకు మగ్గాల షెడ్డులోనే కిటికీలు మూసి వేద్దామనుకున్నాం.

మంగళవారం డబ్బా నా చేతిలో పెట్టి, "ఒక్కటే ప్రింటన్నా. రోంత చూసి పెట్టు, యాడన్నా అంచు చినిగి ఉంటే సరిచెయ్యి" అని పోయినాడు.

ఆ సాయంత్రం గోడ మీద వేసుకుని చూసినా. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని ఒక ముసలాయన. నూలు మోసే నాడె పోగుల మధ్యన అటూ ఇటూ పోతాంటుంది, టకా టక్, టకా టక్, చూస్తాంటే మన కాళ్ళు కూడా ఆడతాయి. మనసుకు భలే పట్టింది. ఇంతలో మగ్గం ఆగిపాయె. ముసలాయన నాడె పక్కన పెట్టి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాడు. కెమెరా ఆ చేతుల మీదనే ఉంది. శబ్దం లేదు. నేను లేచి మిషను చూసినా, బాగానే ఉంది. మళ్ళీ కూచున్నా. ఇంకా చేతులే. గడియారం పట్టి చూస్తే నిమిషమున్నర! ఆ తర్వాత మళ్ళీ టకా టక్ మొదలైంది.

నాకు ఆ సారు మీద జాలి వేసింది. ఒట్టు, జాలే. పాపం చదువుకున్న పిల్లోడు, జనం సంగతి తెలీదు, ఇంత మంచి సినిమాలో ఇంత ఖాళీ లొట్ట పెట్టుకున్నాడే, పరదేశాలోళ్ళు కూడా ఈల వేస్తారేమో అనుకున్నా. బ్లేడు తీసినా. చేతులు ఆగిన తావు నుంచి మళ్ళీ ఆడే తావు వరకూ శుభ్రంగా కోసి, టకా టక్‌కు టకా టక్ తాళం తప్పకుండా అతికినా. నా జన్మలో అంత బాగా అతికింది లేదు. ఆట అయినాక చెప్పి మెప్పు పొందుదామనుకున్నా. కోసిన చుట్ట మరుసటి దినం మామూకు పోయింది.

శుక్రవారం షెడ్డులో కిటికీలకు దుప్పట్లు కట్టినారు. మా తెర మాసిపోయి ఉందని, వాళ్ళే రెండు తెల్ల పంచెలు కలిపి కుట్టి కొత్త తెర కట్టినారు. మగ్గాల మధ్యన యాడ సందుంటే ఆడ కూచున్నారు, ఆడోళ్ళు, మగోళ్ళు, అందరూ. సినిమాలోని తాత ముందర కూచున్నాడు, ఉతికిన తలగుడ్డ చుట్టుకుని. పొదుపు సినిమా అయిపోగానే సారు సినిమా వేసినా. ఒక్క ఈల లేదు. తాత కనపడినప్పుడంతా నవ్వులు, "అదో మా మగ్గం!" అని కేకలు. ఆఖర్లో చప్పట్లు. నేను సారు వైపు చూసినా, ఎప్పుడు మెచ్చుకుంటాడా అని. సారు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు, మొహంలో నెత్తురు సుక్క లేదు.

ఆయన నోరు తెరవకముందే తాత లేచినాడు.

"సారూ, నేను ఉత్తగా కూచున్నది యాడప్పా?"

సారు తెర దిక్కు చూసినాడు.

"ఆ పొద్దు కూచోబెట్టినావు గదా, చేతులు ఒళ్ళో పెట్టుకోని కదలకుండా కూచో తాతా అని. నూలు రాక నెల దినాలు మేము యెట్ల కూచున్నామో అట్ల కూచో అంటివి. నా యాభై ఏండ్ల పనిలో అంత కష్టం యాడా పడలేదు నేను. చేతులు ఉత్తగా పెట్టుకోవడమంటే మాటలా? అది లేదే!"

ఎనక నుంచి ఇంకొకాయన అందుకున్నాడు: "ఇట్ల చూస్తే మాకు పని శానా ఉన్నట్లుండాదే! ఒక్క పొద్దన్నా మగ్గం ఆగినట్లు లేదు."

అప్పుడు నాకు తెలిసింది, నేను కోసింది ఏందో. సినిమా అంతా ఆ నిమిషమున్నర కోసమే తీసినాడాయన. నూలు రాని దినాలు చూపించాలని బయలుదేరినోని సినిమాలో, నేను నూలు తెచ్చి పోసినా.

సారు కూడా వచ్చిన స్నేహితునితో చెప్తాండాడు: "ల్యాబువాళ్ళే ఏదో చేసినారు. మళ్ళీ ప్రింటు రావాలంటే నెల పడుతుంది. ఇది పంపను. ఇది పంపితే ఎమ్మిగనూరులో మగ్గాలు ఆగనే లేదని ప్రపంచానికి చెప్పినట్లవుతుంది." సంచిలో నుంచి ఫెస్టివల్ ఫారం బయటికి తీసి, నిలువునా మడిచినాడు.

నిజం చెప్తాండాను, ఊరుకుందామని అనిపించింది. ల్యాబు మద్రాసులో ఉంది, నేను ఈడ ఉన్నాను, అడిగేవాడు లేడు. రీలు వెనక్కి చుట్టేంత సేపూ ఆ ఆలోచనే. డ్రైవరు నా మొహం చూసి, తమలపాకు ఉమ్మేసి వచ్చి, చెవిలో అన్నాడు: "ఆపరేటరూ, దొంగకు తేలు కుట్టినట్లు నిలబడుకున్నావే. నువ్వేనా?"

సారు దగ్గరికి పోయినా. "సార్, ల్యాబోళ్ళు కాదు. నేను కోసినా" అన్నాను. "జనం ఈలలు వేస్తారని కోసినా. నీకు మేలు చేస్తాండాననుకున్నా."

కొడతాడనుకున్నా, కొట్టలేదు. అరిచుంటే బాగుండేది, అరవలేదు. "ముక్క యాడుంది?" అన్నాడు.

డ్రైవరు చెప్పినాడు: "చొక్కాల్లో ఉంటాది సార్."

జీపు ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి ఆ దినం పోయినంత వేగంగా ఎప్పుడూ పోలేదు. ముందర డ్రైవరు, పక్కన సారు, ఎనక మిషను పెట్టె పట్టుకుని నేను. సాయంత్రం బండికి ఇంకా నాలుగు గంటల టైముంది. అంగడికి పోతే తాళం. శుక్రవారం గదా, మామూ జుమ్మా నమాజుకు పోయినాడు. నేను కూడా పోవాల్సినోన్నే. మసీదు దగ్గర నిలబడి కాచుకున్నాం.

మామూ టోపీ మడుచుకుంటా బయటికొచ్చినాడు. మేము మాట్లాడుకునేది ఉర్దూలోనే, మీ కోసం తెలుగులో రాస్తాండాను. "నమాజు ఎగ్గొట్టి జీపులో షికారా బేటా?" అన్నాడు.

"మామూ, బుధవారం ఇచ్చిన చుట్ట యాడ?"

"అబ్బ, ఏం ఫిలిం బేటా అది! ఒక్క గీత లేదు. కొత్తది. ఇట్లాంటిదే తెస్తాండు."

"యాడుంది మామూ?" అంటా ఆయన చెయ్యి పట్టి అంగడి దిక్కు నడిపించినా.

అంగడి తెరిచి చూపించినాడు. సగం చుట్ట మేకుకు వేలాడతాండాది. తక్కిన సగం అప్పుడే రెండేసి వేళ్ళ పొడవు ముక్కలయ్యి, ఒక సిగరెట్టు డబ్బాలో ఉండాది. "రెండు చొక్కాలు కౌతాళం పోయినాయి" అన్నాడు మామూ భయపడుతా. "నిఖా చొక్కాలు. పెండ్లికొడుకు ఈ పొద్దే తొడుక్కునేది."

సారు డబ్బాలోంచి ఒక ముక్క తీసి వాకిట్లో ఎండకు ఎత్తి పట్టి చూసినాడు. తాత చేతులు. ఇంకొకటి తీసినాడు. తాత చేతులే. "ఇవన్నీ వరసగా అతుకుతా సార్" అన్నాను. "రేయనక పగలనక కూచోని అతుకుతా."

"అతికితే చేతులు ఎగురుతాంటాయి" అన్నాడు సారు. ఆ దినం నాతో మాట్లాడిన రెండో మాట అది. "కదలకుండా ఉండాల్సిన చేతులు అవి. ఉన్న సగం పెట్టు."

మామూ కత్తిరింపు బల్ల మీదనే పెట్టుకున్నా. రోజూ చేసే పనే, బ్లేడుతో గీకు, సిమెంటు పూయి, నొక్కి పట్టు. కానీ ఆ పొద్దు బ్లేడు గీత మీద నిలవలేదు. మామూ వచ్చి బల్ల పట్టుకున్నాడు, బల్ల కదులుతాందని అనుకున్నాడు పాపం. రెండు అతుకులు వేసినా. మిషను మీద వేసి చూసుకునేంత తీరిక లేదు. సారు మడిచిన ఫారం విప్పి సాపు చేసి, పద్దెనిమిది నిమిషాలు అని ఉన్న తావు కొట్టేసి, పదిహేడుకు పైన అని రాసినాడు. సిగరెట్టు డబ్బా కూడా అడిగి తీసుకున్నాడు.

స్టేషనులో బండి కదిలే ముందు కిటికీలోంచి అన్నాడు: "అన్నా, నీ మీద కోపం పోలేదు. ఎప్పుడు పోతాదో కూడా తెలీదు. నువ్వు చెప్పకుండా ఉండుంటే మాత్రం ఈ బండి ఎక్కేవాన్ని కాదు." నేను తల ఊపినా. ఆ పొద్దు రిపోర్టులో నేనే రాసినా, 'ప్రజలు ఆద్యంతం ఆసక్తితో తిలకించారు' అని. ఆఫీసరు సంతకం పెట్టినాడు.

కొన్ని నెలలకు సారు మా ఆఫీసుకు వచ్చినాడు. సినిమాను పోటీకి తీసుకున్నారంట, వేసినారంట, ఈయనే పోయి చూసి వచ్చినాడు. బహుమానం రాలేదు. నేను టీ తెప్పించినా. తాగి, గ్లాసు కింద పెట్టి చెప్పినాడు:

"ఆట అయినాక ఒక పరదేశపాయన వచ్చి చేయి కలిపినాడన్నా. పెద్దాయన, ఆయనే సినిమాలు తీస్తాడంట. అంతా బాగుందన్నాడు. ఒక్క మాట మాత్రం అన్నాడు. ఆ చేతులు ఆగిన తావులో ఇంకా కొంచెం సేపు ఉండి ఉండాల్సింది, ఎందుకు తొందరపడినావు అని."

నా చేతిలో గ్లాసు కింద పెట్టేసినా. "నువ్వేం చెప్పినావు సార్?"

"నా తొందరే అని చెప్పినా."

ఇంతమందికి ఇన్నేండ్లు సంజాయిషీలు రాసినోన్ని, నా తప్పు ఇంకొకడు తన మీద వేసుకునేది చూడడం అదే మొదలు. కండ్లలో నీళ్ళు వచ్చినాయి. డ్రైవరు చూడకుండా బయటికి పోయినాడు.

సారు సంచిలోంచి ఒక డబ్బా తీసి బల్ల మీద పెట్టినాడు. మద్రాసు నుంచి వచ్చిన కొత్త ప్రింటు. "వచ్చే అమావాస్యకు వేద్దాం. ఈసారి ముందుగా చూడాకు" అన్నాడు, రోంత నవ్వుతా.

చూడలేదు. డబ్బా మూత కూడా తీయలేదు. అమావాస్య పొద్దున అదే షెడ్డు, అవే దుప్పట్లు, అదే పంచెల తెర. తాత ఈసారి ముందర కూచోలేదు, మిషను పక్కన నా దగ్గరికి వచ్చి కూచున్నాడు. ముందర కూచుంటే తెర వెలుగుకు కండ్లు మంటలన్నాడు. మగ్గం టకా టక్ మంటా ఆడింది, ఆడింది, ఆగింది. తెర మీద చేతులు. షెడ్డులో చప్పుడు లేదు, మిషను గిర్రుమనేది తప్ప. ఇన్నేండ్ల అలవాటు గదా, చెయ్యి దానంతట అదే మిషను ఆపే స్విచ్చు మీదికి పోయింది. వెనక్కి తీసుకున్నా. మళ్ళీ పోయింది. ఆఖరికి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళల్లో వేళ్ళు పెట్టి బిగించి కూచున్నా. ఎవరూ ఈల వేయలేదు. ఒకామె కొంగుతో మొహం తుడుచుకునింది. ఎవరో దగ్గినారు. ఆ నిమిషమున్నర ఎంత పొడుగుండాదో నాకు ఆ పొద్దు తెలిసింది.

మగ్గం మళ్ళీ ఆడినాక తాత నా వైపు తిరిగినాడు. తెర వెలుగులో నా ఒళ్ళో ఉన్న చేతులు చూసినాడు. తన చెయ్యి తెచ్చి వాటి మీద పెట్టినాడు. అరచెయ్యి కొయ్య మాదిరి గట్టిగా ఉంది.

"కష్టం గదప్పా?" అన్నాడు.